రూతమ్మ దాచుకున్న చిటికెడు

నరసాపురంలో చర్చి వెనక వీధికి వచ్చి రూతమ్మ ఇల్లెక్కడని అడిగితే, "ఏ రూతమ్మండి, రొయ్యల రూతమ్మేనా?" అని ఎదురు అడుగుతారు. యాభై ఏడేళ్ల మనిషికి ఆ పేరంటే కోపం లేదు సరికదా, లోపల్లోపల కాస్త గర్వం కూడాను. చర్చిలో ప్రేమవిందు జరిగితే వంటవాళ్లని పాలకొల్లు నుంచి పిలిపించినా, దించేముందు ఉప్పు చూడటానికి రూతమ్మ రావలసిందే. గరిటె కొస నుంచి ఓ చుక్క అరచేతిలో వేసుకుని, నాలికతో తాకి, ఒక్క క్షణం కళ్లు మూసుకుని, "ఇంకో గుప్పెడు పడాలి" అనేది. ఆ గుప్పెడు ఎవరి గుప్పెడని అడిగే ధైర్యం వంటవాళ్లలో ఎవరికీ ఉండేది కాదు.

మొగల్తూరులో లేసు అల్లుకు బతికే ఇంట్లో పుట్టింది. ఏడో తరగతితో బడి మానేసింది. ఇరవై మూడో ఏట శాంతికుమార్‌ని చేసుకుని ఈ ఇంటికి వచ్చింది. శాంతికుమార్ రైసు మిల్లులో గుమస్తా, మంచివాడు, ఏం పెట్టినా "బావుంది" అనేవాడు. ఏం పెట్టినా బావుందనేవాడి మాటకి విలువేముంటుంది? అందుకని రూతమ్మ మెచ్చుకోలు కోసం ఎప్పుడూ ఇంకొకరి కంచం వైపు చూసేది. ఆ కంచం మామగారు జీవరాజు గారిది. ఆయన వశిష్ఠ గోదావరి మీద పంటులో టిక్కెట్లు కోసి రిటైరైన మనిషి. ముప్పై ఏళ్లు సఖినేటిపల్లి రేవుకీ నరసాపురం రేవుకీ మధ్య తిరిగాడు గానీ, భోజనం వేళకి ఏ రేవులో ఉన్నా కేరియరు మాత్రం ఇంటి నుంచే వెళ్లేది. బయటి తిండి ముట్టడు. బావుందన్నాడంటే నిజంగా బావున్నట్టే.

పక్క వాటాలో తోడికోడలు తబిత ఉంటుంది. మరిది రాజ్ కుమార్ భార్య. రెండు ఇళ్లకీ మధ్య నడుమెత్తు గోడ. తబిత ముప్పై ఏళ్లు ఎలిమెంటరీ స్కూల్లో టీచరుగా చేసింది. పిల్లలకి ఎక్కాలు చెప్పడం వచ్చింది గానీ పప్పులో తాలింపు ఎప్పుడు వెయ్యాలో ఆ దేవుడి బిడ్డకి ఎప్పటికీ పట్టుబడలేదు. ఆవిడ చారు పెడితే రాజ్ కుమార్ గిన్నెలోకి చూసి, "ఇది చారా, చేతులు కడుక్కోవడానికా?" అని అడిగేవాడు. అప్పుడు గోడ మీద నుంచి రూతమ్మ గిన్నె అటు వెళ్లేది. "మా అక్క లేకపోతే మేం పస్తులే" అని తబిత నలుగురిలోనూ చెప్పేది. రూతమ్మకి తోడికోడలంటే ఎంతో ప్రేమ. ఆ ప్రేమకి మూలం తబితకి వంట చేతకాకపోవడమేనని అప్పట్లో ఆవిడకి తెలీదు.

అత్తగారు దేవమణమ్మ పోయి మూడేళ్లయింది. అప్పటి నుంచి జీవరాజు గారు ఒక నెల పెద్దకొడుకు ఇంట్లో, ఒక నెల చిన్నకొడుకు ఇంట్లో ఉండేలా ఏర్పాటు. ఒకటో తారీఖు ఉదయం చేతికర్ర, బైబిలు, కళ్లజోడు పెట్టె పట్టుకుని, గోడ చుట్టూ తిరిగి ఒక గుమ్మం దిగి ఇంకో గుమ్మం ఎక్కేవాడు. అయితే అది పేరుకే. తబిత నెలలో కూడా ఆయన కంచంలోకి కూర గోడ మీద నుంచే వెళ్లేది. అంటే పన్నెండు నెలలూ ఆయన తిన్నది రూతమ్మ చేతి కూడే. ఆ సంగతి ఎవరూ పైకి అనకపోయినా రూతమ్మ మాత్రం రోజుకోసారైనా అనుకునేది.

ఇంతలో తబిత ఇంకా సర్వీసుండగానే రిటైర్మెంటు తీసుకుంది. మరుసటి నెలలోనే బెంగళూరులో ఉన్న కూతురు ఆవిడకో వస్తువు పంపింది. చిన్నపిల్లల పలకంత తెర, దానికో స్టాండు. వంటగట్టు మీద నిలబెట్టి ఫలానా వంటకం కావాలంటే, ఏమేం తీసుకోవాలో తెర మీద చూపించి, ఒక్కో అడుగూ తెలుగులో చదివి వినిపిస్తుంది. చేతులు తడిగా ఉంటే "తర్వాత" అంటే చాలు, తర్వాతి మాట చెప్తుంది. తబిత దాన్ని రీడర్ అనేది. రూతమ్మ మాత్రం 'ఆ మాటల పెట్టె' అని పేరు పెట్టి, మొదటి వారమంతా నవ్వుకుంది.

"ఏవండీ, విన్నారా? ఉల్లిపాయలు బంగారు రంగు వచ్చేవరకు వేయించండి అంటోందండి. తెరకి కళ్లున్నాయా, ముక్కుందా? మాడిపోతే దానికేం తెలుస్తుంది?" అని మొగుడితో అనేది.

"మాడితే తబితకి తెలుస్తుందిలే" అన్నాడు శాంతికుమార్ పేపరు దించకుండా.

తబితకి నిజంగానే తెలియడం మొదలైంది. టీచరు బుద్ధి కదా, పాఠంలో ఎలా ఉంటే అలాగే చేసేది. ఆరు నిమిషాలంటే ఆరు నిమిషాలే. చెంచా అంటే చాకుతో పైన చదును చేసిన చెంచానే. చారు చారులా అయింది. పప్పు పప్పులా అయింది. నెల తిరిగేసరికి గుత్తివంకాయ కూర గోడ మీద నుంచి ఇటు వచ్చింది. ఇన్నేళ్లలో గిన్నె అటు నుంచి ఇటు రావడం అదే మొదటిసారి. రూతమ్మ ఆ గిన్నె అందుకుని, "బాగా కుదిరిందే!" అంది. రుచి కూడా చూసింది. ఉప్పు సరిపోయింది. సరిపోయినందుకు ఆవిడకి ఎక్కడో కలుక్కుమంది.

మార్చిలో ఓ మధ్యాహ్నం తబిత ఆ పెట్టెని చంకన పెట్టుకుని వచ్చింది.

"అక్కా, ఇందులో మన ఇంటి వంటలు కూడా ఎక్కించుకోవచ్చు. నువ్వు నోటితో చెప్తే చాలు, అదే రాసుకుంటుంది. అత్తయ్య చింతచిగురు రొయ్యలు చెప్పక్కా. ఆవిడ చేతిది నీకొక్కదానికేగా తెలుసు."

ఆ చివరి మాట రూతమ్మని మెత్తబరిచింది. చెప్పింది. చింతచిగురు ఈనెలు తీసి అరచేతుల్లో ఎలా నలపాలో, రొయ్యల వీపున నల్లనరం ఎలా లాగాలో, పసుపూ ఉప్పూ వేసి నీరు ఇగిరేదాకా ఎలా ఉడికించాలో, అన్నీ చెప్పింది. మధ్యలో "పిడికెడు చిగురు" అనగానే తబిత లేచి కొలత గిన్నె తెచ్చి, "ఆగక్కా, నీ పిడికిలి ఇందులో వదులు" అంది. కారం కూడా అంతే, చేతిలో వేసుకోనిచ్చి చెంచాతో కొలిచింది. తన చెయ్యిని ఎవరో కొలతలు తీసుకుని ఎత్తుకుపోతున్నట్టు అనిపించింది రూతమ్మకి.

"చిగురు మగ్గాక దించెయ్యడమే" అంది.

"అంతేనా అక్కా?"

"అంతే."

అంతే కాదు. ఇంకొకటి ఉంది. ఆ వీధి ఆడవాళ్లలో ఇదేం కొత్త సంగతి కాదు. వంట చెప్పమంటే ఎవరూ లేదనరు, కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి మరీ చెప్తారు, ఒక్కటి మాత్రం కొంగున కట్టుకుంటారు. రూతమ్మ కట్టుకున్నది దోరగా వేయించిన మెంతుల పొడి. దించేముందు చిటికెడు. ఆవిడ కాపురానికి వచ్చిన రెండో ఏడు, చర్చివాళ్లందరూ ఆవిడ చేపల పులుసు తిని ఆహా అన్న రోజు సాయంత్రం, దేవమణమ్మ వంటింటి తలుపు దగ్గరికి వేసి చెప్పిన గుట్టు అది. "ఎవరితోనూ అనకు రూతూ, నా చింతచిగురు రొయ్యల కిటుకంతా ఇందులోనే ఉంది. నా తర్వాత ఇది నీ చేతిలో ఉండాలి. ఇక నుంచి ఇంటిల్లిపాదికీ నువ్వే వండు" అంది. ఆ రోజు రూతమ్మకి కళ్లనీళ్లు వచ్చాయి. అప్పటి నుంచి ఆ కూర రూతమ్మే వండింది. అత్తగారు మాత్రం, "మీ మావయ్యకి కారం పడదు" అని ఆయన కోసం చిన్న దాకలో వేరే వండుకునేది. పోయేదాకా ఆ పద్ధతి మారలేదు. ఆవిడ పోయాక ఆయనకి వండిపెట్టే భాగ్యం కూడా రూతమ్మదే అయింది.

అలాంటి గుట్టు ఓ తెర చెవిలో ఊదడానికి రూతమ్మకి మనసొప్పలేదు. తప్పు చేసినట్టు కూడా అనిపించలేదు.

ఏప్రిల్ తబిత వంతు. రెండో ఆదివారం చర్చి నుంచి వచ్చాక రూతమ్మ ఎప్పట్లాగే మామగారికని చింతచిగురు రొయ్యలు ఒక గిన్నెలో పెట్టుకుని, గోడ మీద నుంచి కాకుండా గుమ్మంలోంచే వెళ్లింది. జీవరాజు గారు అప్పటికే భోజనానికి కూర్చున్నాడు. కంచంలో చింతచిగురు రొయ్యలే. ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం ఆపేశాడు. కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి.

"నాన్నా, ఏమైంది? కారమా?" అని రాజ్ కుమార్ కంగారుపడ్డాడు.

"కారం కాదురా. మీ అమ్మ." ముసలాయన ఎడంచేత్తో కళ్లు తుడుచుకున్నాడు. "మీ అమ్మ వచ్చి వండి వెళ్లినట్టుందిరా. మూడేళ్లయింది ఈ ముద్ద తిని. తబితా, ఇంకో గరిటె వెయ్యమ్మా."

మూడేళ్లయిందట! మొన్న ఫిబ్రవరిలో, ఇదే గుమ్మంలో, రూతమ్మ తెచ్చి వడ్డించిందేమిటి? ఆవిడ అక్కడే చేతిలో గిన్నెతో నిలబడిపోయింది. తబిత అప్పుడే చూసి, "అక్కా, వచ్చావా! నీ పుణ్యమేనక్కా ఇదంతా" అని నవ్వింది. ఆ నవ్వులో ఎగతాళి లేదు. ఉంటేనే బాగుండేది, తిట్టుకోవడానికి ఓ ఆధారం దొరికేది. రూతమ్మ గిన్నె కొంగు చాటు చేసుకుని, "ఊరికే వచ్చాను, తినండి మావయ్యగారూ" అని ఇంటికి వచ్చేసింది. ఆ కూర ఆ పూట శాంతికుమార్ తిన్నాడు. బావుందన్నాడు.

ఆ రోజు నుంచి రూతమ్మకి కంటి మీద కునుకు లేదంటే అబద్ధం, నిద్ర బాగానే పట్టేది. మెలకువగా ఉన్నంతసేపే నరకం. గోడ అవతల ఆ పెట్టె గొంతు వినిపిస్తే చాలు, కడుపులో మంట లేచేది. "ఇప్పుడు మంట తగ్గించండి" అని అది తబితకి చెప్పేది, ఈవిడ మంట మాత్రం తగ్గేది కాదు. లేసు పట్టుకుంటే కుట్టు తప్పేది. ఏ రోజు ఏం వాసన వస్తుందోనని ముక్కు అటువైపే పెట్టుకుని కూర్చునేది. గురువారం స్త్రీల సమాజంలో పాస్టరు అయ్యగారి భార్య, "తబిత గారూ, మీ చింతచిగురు రొయ్యల గురించి విన్నామండి, మాకూ చెప్పాలి" అంటే, తబిత, "మా రూతక్క చెప్పిందేనండి" అంది. అందరూ రూతమ్మ వైపు చూసి నవ్వారు. చెప్పిన మనిషి చేతిలో లేని రుచి విన్న మనిషి చేతిలో ఎలా వచ్చిందని వాళ్లంతా అనుకుంటున్నారని ఆవిడకి గట్టిగా తోచింది. వాళ్లు అసలేం అనుకోలేదు.

ఏప్రిల్ ముప్పయ్యో తారీఖున మామగారి మంచం మీద దుప్పటి మార్చింది. దిండు ఎండలో వేసింది. మర్నాడు ఉదయం ఆయన రాలేదు. పది గంటలకి రాజ్ కుమార్ వచ్చి తల గోక్కుంటూ, "వదినా, నాన్న ఇంకో నెల అక్కడే ఉంటానంటున్నాడు. ఏం అనుకోకండి, చింతచిగురు ఉన్నన్నాళ్లూ తిందామని ఆశ" అన్నాడు.

"నేనేం అనుకుంటాను? ఆయనిష్టం" అంది రూతమ్మ. లోపలికి వెళ్లి ఆ దిండు తీసి బీరువా వెనక పడేసింది. ముప్పై నాలుగేళ్లు వండిపెడితే, నిన్నగాక మొన్న ప్లగ్గులో పెట్టిన పెట్టె వచ్చి కంచం లాక్కుపోయింది. ఏడుపు వచ్చింది. ఏడ్చింది కూడా.

ఏడిచాక అనుమానం వచ్చింది. తను చెప్పింది చెప్పినట్టు వండితే ఆ రుచి రాదు. మెంతిపొడి లేదుగా! అంటే ఆ పెట్టెకి మెంతిపొడి సంగతి ఎవరో చెప్పి ఉండాలి. లేకపోతే చచ్చిపోయేముందు అత్తగారే తబితకి చెప్పి ఉండాలి. ఈ రెండో ఆలోచన వచ్చాక ఇక కాళ్లు నిలవలేదు. తనకొక్కదానికే ఇచ్చానన్న గుట్టు ఇంకొకరికి కూడా ఇచ్చిందా?

తర్వాతి గురువారం తలనొప్పని చెప్పి స్త్రీల సమాజానికి వెళ్లలేదు. తబిత వెళ్లింది. రాజ్ కుమార్ తండ్రిని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. రూతమ్మ పెరటి గుమ్మం గడియ తీసుకుని తోడికోడలి వంటింట్లోకి దొంగలా దూరింది. ఏడో తరగతి చదువు కాబట్టి తెర మీద అక్షరాలు కూడబలుక్కుని చదవగలదు. వేలితో తాకింది.

"నమస్కారం తబిత గారూ. ఈరోజు ఏం వండుకుందాం?" అంది పెట్టె.

రూతమ్మ అదిరిపడి, "నేను తబితని కాదు" అంది.

"అర్థం కాలేదండి. మళ్లీ చెప్పండి."

"చింతచిగురు రొయ్యలు" అంది గొంతు తగ్గించి.

పెట్టె చదవడం మొదలుపెట్టింది. చిగురు అరచేతుల్లో నలపండి. నల్లనరం లాగేయండి. ఒక్కో అడుగుకీ రూతమ్మ "తర్వాత" అంటూ పోయింది. అన్నీ తన మాటలే. కారం కొలత తన చేతిదే. అదనంగా ఏమీ లేదు, తగ్గిందీ లేదు. "చిగురు మగ్గాక దించండి. వంట పూర్తయింది, వడ్డించండి" అని పెట్టె ఆగిపోయింది.

"మెంతిపొడో?" అని అడిగింది రూతమ్మ.

"అర్థం కాలేదండి."

అప్పుడు ఫ్రిజ్ తెరిచింది. పొద్దుటి కూర కొంచెం మూతపెట్టి ఉంది. చల్లటి కూర వేలితో తీసి నాలిక మీద పెట్టుకుంది. కళ్లు మూసుకుంది. పులుపు, కారం, రొయ్య తీపి. అక్కడితో ఆగింది. చివరన నాలిక్కి తగిలే ఆ సన్నటి చేదు లేదు. ఈ రుచి తను ఎరుగును. కాపురానికి వచ్చిన మొదటి ఏడు, అత్తగారు వండి వడ్డిస్తే రెండోసారి అడిగి పెట్టించుకుని తిన్నది ఇదే. తలుపు వేసి గుట్టు చెప్పక ముందు.

రూతమ్మ వంటగట్టు పట్టుకుని నిలబడింది. మెంతిపొడి అత్తగారు ఎప్పుడూ వెయ్యలేదు. కోడలి చేపల పులుసుకి ఊరు ఊగిపోయిన సాయంత్రం, ఆ ఊపు తన రొయ్యల మీదికి రాకుండా, పనిగట్టుకుని కోడలి చేతిలో ఒక చిటికెడు చేదు పెట్టింది. వేరే దాక మామగారికి కారం పడక కాదు. తన రుచి తన మొగుడి కంచం దాటి పోకుండా. ఆవిడ ఇచ్చింది గుట్టనుకుని ఈవిడ ముప్పై ఏళ్లు దాచింది. దాచిన గుట్టు తబితకి చెప్పకపోవడం వల్ల, వంట రాని మనిషికి అసలు వంటకం అందిపోయింది. అబద్ధమాడి నిజం చెప్పిన మనిషి లోకంలో తనొక్కతే అయి ఉంటుందనుకుంది రూతమ్మ. నవ్వు రాలేదు. పోయిన మనిషి మీద అంత కోపం ఎప్పుడూ రాలేదు. అందులో సగం తన మీదే.

వెనక చెప్పుల చప్పుడైంది. తబిత.

"అక్కా, ఇక్కడున్నావా? తలనొప్పన్నావని మధ్యలోనే లేచి వచ్చేశాను. మీ ఇంట్లో లేవు. జండూబామ్ తెచ్చాను, కూర్చో." తోడికోడలు తన వంటింట్లో ఏం చేస్తోందని కూడా అడగలేదు. తెర వైపు చూసి, "ఓ, చింతచిగురు చూస్తున్నావా? నేనే అడుగుదామనుకున్నాను. నువ్వు వండిన దాంట్లో ఇంకేదో ఉంటుందక్కా. ఒక సువాసన. నాకు రావట్లేదు. ఏదన్నా మర్చిపోయావేమో చెప్పు, ఇప్పుడే ఎక్కించేస్తాను" అంది.

రూతమ్మ నోరు తెరిచింది. ఎంత తేలిక! మెంతిపొడి అని ఒక్క మాట. అది నిజం కూడాను. పాపం అనడానికి లేదు, దాచింది ఒప్పుకున్నట్టే. తబిత చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి, రేపటి నుంచి ఆ కూర కూడా చేదెక్కుతుంది. మామగారి కళ్లలో నీళ్లు ఆగిపోతాయి. ఆయన కర్ర పట్టుకుని గోడ చుట్టూ తిరిగి వచ్చేస్తాడు. ఆ మాట పెదవి దాకా వచ్చింది.

ముసలాయన ఎడంచేత్తో కళ్లు తుడుచుకోవడం కళ్ల ముందు మెదిలింది. మళ్లీ ఆ నోట్లో చేదు పెట్టడానికి మనసు రాలేదు. మంచితనమంతా అదే అనుకోనక్కర్లేదు. ఇప్పుడు అసలు సంగతి తెలిసింది కదా, తన వంతు వచ్చినప్పుడు తనే వండి, ఆ కళ్లలో నీళ్లు తన కోసం కారేలా చేసుకోవచ్చన్న లెక్క కూడా అప్పుడే వేసుకుంది.

"ఏం మర్చిపోలేదు. అంతే" అంది.

"నీ చెయ్యి నీదేలే అక్కా" అని తబిత జండూబామ్ మూత తీసి, ఆవిడ నుదుటికి రాసింది. లేని తలనొప్పికి మందు రాయించుకుంటూ రూతమ్మ కదలకుండా కూర్చుంది.

జూన్ ఒకటిన జీవరాజు గారు వచ్చాడు. చింతచిగురు ముదిరిపోయే రోజులు. రూతమ్మ తెల్లారకముందే మార్కెట్టుకి వెళ్లి, గంపలన్నీ కలబెట్టి లేత చిగురు ఏరుకొచ్చింది. రొయ్యలు బతికున్నవి తెచ్చింది. ఇంట్లో మెంతుల డబ్బా తీసి పక్కింటికో ఎక్కడికో ఇచ్చెయ్యాలన్నంత కసి వచ్చింది గానీ, పులుసులోకి కావాలని ఆగింది. వండుతున్నంతసేపూ ఒకటే భయం, పెళ్లైన కొత్తలో కూడా అంత భయపడలేదు. చిగురు మగ్గింది. చెయ్యి అలవాటుగా మెంతిపొడి వైపు పోయింది. వెనక్కి లాక్కుంది. దించేసింది.

రుచి చూసుకుంది. అదే. ఇంకా చెప్పాలంటే తబిత చేసినదాని కంటే ఒక మెట్టు పైనే. పెట్టెకి ఆరు నిమిషాలు తెలుసు గానీ, ఈ పూట చిగురు కాస్త ముదురని, ఇంకో నిమిషం ఆగాలని తెలీదు కదా.

జీవరాజు గారు ప్రార్థన చేసుకుని ముద్ద కలిపాడు. రూతమ్మ ఎదురుగా నిలబడింది. ఆయన నమిలాడు. ఆగాడు. కళ్లు నిండాయి. రూతమ్మ కళ్లు కూడా నిండాయి. ఇన్నాళ్లకి, అనుకుంది. నేనే వండాను మావయ్యగారూ అని చెప్పడానికి గొంతు సవరించుకుంది.

ముసలాయన తలెత్తి గోడ వైపు చూసి నవ్వాడు.

"తబిత పంపించిందా అమ్మా?"

రూతమ్మ కూర గిన్నె మీద మూత పెట్టింది.

"పిచ్చిపిల్ల. రెండు నెలలు తిన్నది చాలదనుకుందేమో" అన్నాడాయన. అని, కోడలి ముఖం చూసి ఏమనుకున్నాడో, గొంతు మెత్తగా చేసుకుని, "నీ చేతిది కూడా బాగుంటుంది రూతమ్మా. నిన్ను తక్కువ చెయ్యట్లేదు. నువ్వు పెడితే చివర్లో కాస్త చేదు తగిలేది నాకు. అది నీ తప్పు కాదులే. దేవమణి పోయింది కదా, నా నోరే అలా అయిపోయిందనుకున్నాను. దుఃఖం అనుకున్నాను. అందుకే నీకెప్పుడూ చెప్పలేదు" అన్నాడు.

మూడేళ్లు. తను వడ్డించిన చేదుని పెళ్లాం పోయిన బాధ అనుకుని, మాట్లాడకుండా తిన్నాడు మనిషి.

చెప్పెయ్యాలి. ఇది నేనే వండానని చెప్పాలి. చెప్తే, మరి ఇన్నాళ్లూ ఇలా ఎందుకు వండలేదమ్మా అని అడుగుతాడు. అడిగితే చెప్పడానికి ఒక్కటే ఉంది. మీ దేవమణమ్మ నన్ను మోసం చేసింది మావయ్యగారూ అని చెప్పాలి. ఆ ముద్ద నోట్లో ఉండగా, ఆ కళ్లలో ఆ నీళ్లుండగా చెప్పాలి. రూతమ్మకి తోడికోడలి మీద కుళ్లు ఆ క్షణంలో ఎంత మండిందో అంత ఎప్పుడూ మండలేదు. అవతల తబిత ఏ పాపం ఎరక్కుండా ఏదో కూనిరాగం తీసుకుంటూ గిన్నెలు తోముకుంటోంది. తన వంట, తన చెయ్యి, తన చేతులారా తీసుకెళ్లి ఆ మనిషి కొంగులో పొయ్యాలి.

"ఔనండి మావయ్యగారూ" అంది. "తబితే పంపించింది."

ఇంకో గరిటె వేసింది. ఆయన వద్దనలేదు. కంచం తుడిచినట్టు తిన్నాడు. చెయ్యి కడుక్కుంటూ, "తబితకి నా దీవెనలు చెప్పమ్మా. మర్చిపోకు" అన్నాడు.

రూతమ్మ గోడ దగ్గరికి వెళ్లింది. తబిత సబ్బు చేతులతో తలెత్తింది.

"మావయ్యగారు నీకు దీవెనలు చెప్పమన్నారు" అంది రూతమ్మ.

"నాకా? దేనికక్కా?"

రూతమ్మకి ఒక్కసారిగా కళ్లు మసకబారాయి. గోడ మీద మోచేతులు ఆనించుకుంది.

"ఏమో, అడగలేదు. ఇచ్చారు కదా, తీసుకో" అంది.